వచ్చితిని, వచ్చితివి, వచ్చెను

మా మనవరాలి బడిలో ఇప్పుడు "అతడు వచ్చెను, వారు వచ్చిరి" వరకే నేర్పుతున్నారట. "వచ్చితిని", "వచ్చితిమి" అక్కర్లేదట. ఎవరూ వాడరట. ఆ ముక్క చెవిన పడేసరికి నేను బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను. ఒళ్ళు మండి కత్తి కింద పెట్టేశాను. ఎవరూ వాడకపోవడమేమిటి? నా పెళ్లి దాకా నన్ను నడిపించుకొచ్చినవి ఆ మాటలే. తీరా గుమ్మం దగ్గరికొచ్చాక ఆ పెళ్లికి అడ్డం పడినవీ ఆ మాటలే. ఆ పిల్లకేం తెలుసు? వాళ్ల టీచరుకి అసలే తెలీదు.

మా భాషలో అయిపోయిన సంగతి చెప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి నోటిది. సంతలోనూ వంటింట్లోనూ పోట్లాటలోనూ అదే నడుస్తుంది. రెండోది పుస్తకాలది. రాజు యుద్ధమునకు వెడలెను, తోడేలు మేకపిల్లను మ్రింగెను, అలాంటిదన్నమాట. దాన్ని కాగితం మీద రాస్తారు, పైకి చదువుతారు, బళ్లో వల్లిస్తారు. అంతకుమించి దాంతో పనిలేదు. బుద్ధున్నవాడెవడూ దాంతో మాట్లాడడు.

మార్సెలాన్ మాట్లాడాడు.

యుద్ధం ముగిసిన కొత్త. మా ఊరు ఆక్సేర్ పట్నానికి దిగువన, ద్రాక్షతోటల మధ్య ఉంటుంది. బడికి ఒకటే గది. మధ్యలో కట్టెల పొయ్యి, దాని పక్కనే బెర్త్యో మాస్టారు. అందరికీ బట్టల మీద బూడిదరంగు పైగౌన్లు, అందరి వేళ్ల మీదా ఊదారంగు సిరా. తప్పు చేస్తే మాస్టారు కొట్టేవారు కాదు, క్రియ రాయించేవారు. ఏ తప్పు చేస్తే ఆ క్రియ, అన్ని కాలాల్లోనూ. నేను వసపిట్టని. నా చిన్నతనమంతా "మాట్లాడితిని, మాట్లాడితివి, మాట్లాడెను" అని రాయడంలోనే గడిచిపోయింది. రెండు కలాలు కలిపి దారంతో కట్టి ఒక్క దెబ్బకి రెండు వరుసలు రాసే విద్య నా అంత బాగా ఆ బళ్లో ఎవరికీ రాదు.

మార్సెలాన్‌కి ఆ శిక్ష ఎప్పుడూ పడలేదు. నోరు విప్పితే కదా. అతనికి నత్తి. మామూలు నత్తి కాదు, పేరడిగితే "మా... మా... మా..." దగ్గరే మెడ బిగుసుకుపోయేది. వెనక బెంచీలోంచి "దూడ అరుస్తోందిరా, పాలు పట్టండి" అని అరిచేవాళ్లు. వాళ్లకంటే జాలిపడేవాళ్లు నాకు ఎక్కువ చిరాకు. అతను మాట మొదలుపెట్టగానే వాళ్లే పూర్తిచేసేసేవాళ్లు. ఉప్పు కోసం కొట్టుకెళ్లి ఉల్లిపాయలు పట్టుకొచ్చిన రోజులున్నాయి. కొట్టువాడికి తోచింది చేతిలో పెట్టడం, ఇతను తల వంచుకుని తెచ్చుకోవడం. వాళ్ల నాన్న యుద్ధంలోంచి తిరిగి రాలేదు. ఇంట్లో వాళ్లమ్మ తప్ప అతని మాట కోసం ఆగేవాళ్లు లేరు.

క్రియలు వల్లించేటప్పుడు మాస్టారు స్కేలుతో బల్ల మీద తాళం వేసేవారు. ఆ తాళానికి అందరం గొంతెత్తి అరిచేవాళ్లం. పాటకి ఎక్కువ, చదువుకి తక్కువ. చలికాలంలో ఒకరోజు "పోవుట" వల్లిస్తున్నాం. నేను పోయితిని, నీవు పోయితివి, అతడు పోయెను. ఏమనిపించిందో, మాస్టారు ఉన్నట్టుండి ఎడమ చెయ్యెత్తి మమ్మల్ని ఆపేశారు, కుడిచేత్తో స్కేలు మాత్రం ఆపలేదు. ఒక్క గొంతు మాత్రం ఆగలేదు. కిటికీ పక్కన కళ్లు మూసుకుని మార్సెలాన్.

"మేము పోయితిమి, మీరు పోయితిరి, వారు పోయిరి."

గంట కొట్టినట్టుంది. ఎక్కడా తడబడలేదు. కళ్లు తెరిచి, అందరం తనవంకే చూస్తున్నామని తెలిసి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఇంకోటి చెప్పు. వచ్చుట" అన్నారు మాస్టారు, స్కేలు ఆపకుండా.

చెప్పాడు. చూచుట చెప్పాడు. తెచ్చుట చెప్పాడు. పొయ్యిలో కట్టె వేయడం కూడా మర్చిపోయి విన్నాం. నాకెందుకో ఏడుపొచ్చింది. నేనప్పుడు చిన్నదాన్ని, ఆ ఏడుపుకి పేరు తెలీదు.

ఆ వారంలోనే రొట్టెల కొట్టులో నా ముందు నిలబడి, తొడ మీద వేలితో తాళం వేసుకుంటూ ఇలా అన్నాడు: "అమ్మ నన్ను పంపెను. నిన్నటి రొట్టె మాడెను. మంచిది తెమ్మని చెప్పెను."

రొట్టెలావిడ జర్మేన్ చేతిలో సంచి జారిపోయింది. "ఏంటీ? మాడెనా? అయ్యో నా తండ్రీ, ఇంకా ఏమేమయ్యెను?" అని కడుపు పట్టుకుని నవ్వింది. కొట్టులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. కానీ మంచి రొట్టె ఇచ్చింది. అడిగింది అడిగినట్టు తీసుకుని ఇంటికి వెళ్లడం అతనికి అదే మొదటిసారి అనుకుంటాను.

ఇక అక్కణ్ణించి అతనికి రాజావారని పేరు పడిపోయింది. వీధిలో కనబడితే చాలు, "రాజావారు వేంచేసిరి! జరుగుడి, జరుగుడి!" అనేవాళ్లు. అతను పట్టించుకోలేదు. దూడ కంటే రాజు నయం కదా. ఆ భూతకాలంలో తప్ప వేరే కాలంలో నోరు విప్పేవాడు కాదు. రేపటి సంగతి కూడా నిన్న జరిగినట్టే చెప్పేవాడు. ఎందుకలాగ అని నేను చాలా ఆలోచించాను. జరిగిపోయినదానికి భయం లేదు, అది నా లెక్క. పైగా అది అతని మాట కాదు, పుస్తకం మాట. పుస్తకానికి నత్తి ఉండదు.

పెద్దయ్యాక తోటపనికి వచ్చాడు. ద్రాక్షకోతలప్పుడు మధ్యాహ్నం బండినీడలో అందరం కూర్చుని రొట్టె, జున్ను తింటుంటే, వెక్కిరించిన నోళ్లే "రాజావారూ, ఒకటి చెప్పండి" అని బతిమాలేవి. చెప్పేవాడు. మా ఊరి సంగతులే. పక్కింటి గాడిద తప్పిపోయిన సంగతి కూడా ఆ కాలంలో చెబితే పురాణంలా ఉండేది. "గాడిద వంతెన మీద నిలిచెను. వెనుకకు చూచెను. దానికి ఇల్లు గుర్తురాకపోయెను." మామూలు కూలీలు, తినడం ఆపి వినేవాళ్లు. ఇప్పుడు ఆ బండ్లు లేవు, ఆ మనుషుల్లో సగం మంది లేరు.

ఫిబ్రవరిలో మగవాళ్లు తీగలు కత్తిరిస్తూ ముందు నడుస్తారు, ఆడవాళ్లం వెనక మిగిలిన తీగల్ని వంచి ఇనప తీగెకి కట్టుకుంటూ వెళతాం. నేనెప్పుడూ మార్సెలాన్ వరసలోనే కట్టేదాన్ని. అలా ఎందుకు కుదిరేదో అడక్కండి, నేనే కుదుర్చుకునేదాన్ని. నేను వాగుతూ ఉండేదాన్ని, అతను వింటూ ఉండేవాడు. ఒక ఏడు, రెండేళ్లు చూశాను. ఇక ఓపిక చచ్చిపోయింది.

"ఇదిగో, నన్ను చేసుకుంటావా లేదా? తేల్చు" అన్నాను.

కత్తెర ఆగింది. తొడ మీద వేలు కదిలింది. "ఆ యువకుడు ఆమెను చిన్ననాటి నుండియు ప్రేమించెను" అన్నాడు.

"ఏ యువకుడు? ఎక్కడుంటాడు వాడు? వెళ్లి వాణ్ణే చేసుకుంటాను."

అతను నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, మామూలుగా ఏదో అనబోయాడు. "నే... నే... నేను ని..." మెడనరాలు లేచాయి. నేను చూడలేకపోయాను. "చేసుకుంటానంటావు. అంతేగా? సరే. నాకూ ఇష్టమే" అనేశాను. అలా నాకు పెళ్లి నిశ్చయమైంది, రెండు వైపులా నేనే మాట్లాడుకుని.

మిగిలింది మా నాన్న.

మా వైపు ఒక పద్ధతుంది. పిల్లని అడగాలంటే అబ్బాయే రావాలి, ఆదివారం మధ్యాహ్నం, తిండి అయ్యాక. తన నోటితో తనే అడగాలి. మేనమామో తల్లో అడిగితే చెల్లదు, ఆ ఇంటికి మూడు తరాల పాటు వెక్కిరింపు మిగులుతుంది. అడిగేదాకా బల్ల మీద వైను సీసా ఉంటుంది గాని ఎవరూ ముట్టరు. తండ్రి వంచి గ్లాసు నింపితే ఇచ్చినట్టు. సీసా తీసి అలమరలో పెట్టేస్తే, పిల్లాడు టోపీ పెట్టుకుని వెళ్లిపోవాలి. ఇక రెండోసారి అడగడమన్నది లేదు.

మా నాన్న పీపాలు చేసేవాడు. రోజంతా ఇనప పట్టీల మీద సుత్తి మోగిస్తూ ఉంటాడు కాబట్టి మాట కూడా సుత్తిదెబ్బే. మార్సెలాన్ పేరెత్తగానే, చేతిలో పని ఆపకుండా, "మంచి కుర్రాడు. పనిమంతుడు. ఇవ్వను" అన్నాడు.

"నత్తి అని కదా?" అన్నాను.

"నత్తి అయితే నాకేం? మీ తాతకి నత్తి. గంటకో మాట అనేవాడు, ఆ మాట మీద నిలబడేవాడు. వీడికి నత్తి లేదుగా, అదే నా గొడవ. దాక్కున్నాడు. ఆ రాజుల భాష వెనకాల దాక్కున్నాడు. రేపు ఇల్లు అంటుకుంటే ఏమంటాడే? 'మంటలు లేచెను' అంటాడా? నువ్వు నొప్పులు పడుతుంటే డాక్టరు దగ్గరికెళ్లి 'ఆమె బాధపడెను' అంటాడా? అయిపోయినవి తప్ప చెప్పలేనివాడికి నిన్నెలా ఇవ్వనే, క్లో?"

"అతని తరఫున నేను మాట్లాడతాను."

"అదే వద్దంటున్నా."

అమ్మ మధ్యలోకి వచ్చి, "వచ్చి అడగనియ్యి. ఆ తర్వాత నీ ఇష్టం" అంది. నాన్న సుత్తి ఎత్తాడు. అది ఒప్పుకున్నట్టే.

ఆ సంగతి మార్సెలాన్‌కి చెప్పాను. ఇల్లు అంటుకోవడం, డాక్టరు, అన్నీ చెప్పాను. నేను దాచుకునే మనిషిని కాదు. అతను విని, తల ఊపి, తీగ కత్తిరించుకుంటూ ముందుకి వెళ్లిపోయాడు.

ఆదివారం వచ్చాడు. వాళ్ల నాన్న కోటు వేసుకున్నాడు, భుజాల దగ్గర వదులు. బయట బూట్లు ఎంతసేపు తుడిచాడో, అరిగిపోతాయేమో అనుకున్నాను. నాన్న బల్లకి ఒక వైపు, అతను రెండో వైపు. మధ్యలో సీసా, రెండు గ్లాసులు. అమ్మా నేనూ పొయ్యి దగ్గర, పనేమీ లేకపోయినా.

"చెప్పు" అన్నాడు నాన్న.

మార్సెలాన్ చెయ్యి బల్ల కిందికి పోయింది. వేలు తాళం వేయడం నాకు వినబడుతోంది.

"ఒక ఆదివారము ఒక యువకుడు పీపాలు చేయువాని ఇంటికి వచ్చెను. బూట్లు తుడుచుకొనెను. లోపలికి పోయి కూర్చుండెను. అతనికి ఆస్తి లేకుండెను, రెండు చేతులు మాత్రము ఉండెను. ఆ ఇంటి పిల్లను తన కిమ్మని ఆమె తండ్రిని వేడుకొనెను. అప్పుడా తండ్రి..."

అక్కడ ఆపి నాన్న మొహంలోకి చూశాడు.

ఎంత తెలివి! నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. తండ్రి ఏం చేసెనో తండ్రే చెప్పుకోవాలి. అమ్మ అప్పటికే ఏప్రాన్ అంచుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఇంకేముంది, నాన్న సీసా వంచేస్తాడు, అయిపోయింది అనుకున్నాను.

నాన్న సీసా మెడ పట్టుకున్నాడు. వంచలేదు.

"కథ బాగుంది. ఆ తండ్రెవడో మంచివాడిలా ఉన్నాడు, ఇచ్చేసే ఉంటాడు. వాళ్లు సుఖంగా ఉండాలి. నువ్వు చెప్పు, నువ్వెందుకొచ్చావు?"

మార్సెలాన్ మొహంలో రక్తం లేదు. లేచాడు. టోపీ చేతిలోకి తీసుకున్నాడు. నాన్నని ఆ క్షణాన ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. ఇంత కఠినమా మనిషికి? నీళ్లలో మునుగుతున్నవాడి చేతిలో చెక్క లాక్కుంటారా ఎవరైనా?

మార్సెలాన్ టోపీని తిప్పి తిప్పి బల్ల మీద పెట్టాడు. మళ్లీ కూర్చున్నాడు. బల్ల కింది చెయ్యి పైకి తీసి, అరచెయ్యి బోర్లించి టోపీ పక్కన పెట్టాడు. వేలు కదలడం లేదు.

"మీ..." అన్నాడు.

"మీ... మీ... మీ అ..."

నోరు తెరుచుకుంది, మాట రాలేదు. మెడ బిగుసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడుపు కాదు, అవస్థ. నాకు ఆ మాట తెలుసు, ఆ తర్వాతి మాట తెలుసు, మొత్తం వాక్యం నా నాలుక మీద ఉంది. పెదవులు విప్పాను.

"నువ్వు నోర్ముయ్యి, క్లో" అన్నాడు నాన్న, నావైపు చూడకుండా. సుత్తిలా అనలేదు. చాలా నెమ్మదిగా అన్నాడు.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. పొయ్యి మీద కాఫీ మరిగి పొంగింది, ఎవరూ కదల్లేదు. నాన్న బల్ల మీదికి వంగి, పీపాలో చెక్క సరిగ్గా కూర్చుందో లేదో చూసినంత శ్రద్ధగా ఆ కుర్రాడి నోటివంకే చూస్తున్నాడు. తొందరపెట్టలేదు. తల ఊపలేదు. నవ్వలేదు. జాలి పడలేదు. ఊళ్లో ఎవరూ అతనికి ఇవ్వనిది అది. చూస్తూ ఉన్నాడు, అంతే.

"మీ అమ్మా... అమ్మాయిని నా... నా... నాకు ఇ... ఇస్తారా?"

వచ్చింది. మాట బయటకి వచ్చింది. అక్కడితో సరిపోయేది. కానీ అతను ఆగలేదు. చెమటలు కారుతున్నాయి, గుడ్డతో తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా కష్టమైంది.

"నా... నాకు... త... తను కా... కా... కావాలి."

ప్రేమించెను కాదు. వేడుకొనెను కాదు. కావాలి. ఇప్పుడు, ఈ గదిలో, ఈ మనిషికి. నేను పెద్దగా ఏడ్చేశాను. సిగ్గేమీ పడలేదు.

నాన్న సీసా వంచాడు. గ్లాసు పొర్లి బల్లగుడ్డ మీద కూడా పడింది. ఆ ఎర్ర మరక తర్వాత అమ్మ ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు, ఆవిడ గట్టిగా రుద్దిందని నేననుకోను. "తాగు. నా ఇంట్లో ఇంత బరువు మాట ఎవడూ మొయ్యలేదు" అన్నాడు. గ్లాసు ఎత్తబోయి, దించి, ముక్కు చీదుకుని మళ్లీ ఎత్తాడు.

పెళ్లయ్యాక మార్సెలాన్ మారిపోయాడని ఎవరూ అనుకోకండి. బయట రాజావారే. కోతల బండినీడలో అదే గంటలాంటి గొంతు, అవే "వచ్చెను, పోయెను"లు. మా అమ్మాయికి కథలన్నీ ఆ కాలంలోనే చెప్పాడు. నాన్న పోయినప్పుడు సమాధి దగ్గర నాలుగు మాటలు చదివాడు, వినడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. కానీ ఇంట్లో, నాతో, ఒక్కసారి కూడా ఆ కాలం వాడలేదు. ఉప్పు అడిగినా, ఒంట్లో బాగోలేదన్నా, కోపం వచ్చినా, నత్తి నత్తిగా, ఉన్నదున్నట్టు. మాకు పోట్లాటలకి చాలా టైము పట్టేది. సగంలో నాకే నవ్వొచ్చి ఆగిపోయేవి. చూడవచ్చినవాళ్లు "పాపం, ఊళ్లో అంత చక్కగా మాట్లాడతాడు, ఇంట్లోనే ఇలా" అని నామీద జాలిపడేవాళ్లు. పడనిచ్చాను. ఊరికి పుస్తకం ఇచ్చాడు, నాకు మనిషిని ఇచ్చాడు. వాళ్లకి అది అర్థం కావలసిన పని లేదు.

అతని మాట నేను మళ్లీ ఎప్పుడూ పూర్తిచేయలేదు. ఈ వాగుడుకాయకి అది ఎంత కష్టమో దేవుడికి తెలుసు.

పుట్టినప్పణ్ణించి అందరూ నన్ను క్లో అనే పిలిచారు. అమ్మ, నాన్న, ఊరు, అందరూ. అతను ఒక్కడే అసలు పేరు పూర్తిగా పిలిచేవాడు. ఎందుకు ఆ యాతన, క్లో అంటే సరిపోతుందిగా అని కొత్తలో అన్నాను. తల అడ్డంగా ఊపి మళ్లీ మొదట్నించి మొదలుపెట్టాడు. పొద్దున లేవగానే అతని మొదటి మాట అదే. నేను పక్కన పడుకుని, మేలుకునే ఉండి, ఆ పేరు చివరిదాకా వచ్చేవరకు కళ్లు తెరిచేదాన్ని కాదు.

అతను పోయి మూడేళ్లు. ఇప్పటికీ పొద్దున మెలకువ వచ్చాక వెంటనే లేవను. క్లో... క్లో... క్లోతి... అని అతను అక్కడి దాకా వచ్చి ఉంటాడని, ఇంకొంచెం మిగిలిందని అనుకుంటాను. కళ్లు మూసుకునే ఉంటాను. నాకేం తొందర లేదు.